గవ్వలపాలెం జీపు

ఆగస్టు 24, 1982

ఈ డైరీ లారీ ఆఫీసు వాళ్ళు జనవరిలో ఇచ్చారు. డ్రైవరుకి డైరీ ఎందుకని అటక మీద పడేశాను. ఎనిమిది నెలల తర్వాత ఈరోజు దించి దుమ్ము దులిపాను. గౌరీశ్వరికి చదువు రాదు. పెళ్ళానికి చదువు రానందుకు సంతోషించడం నాకిదే మొదటిసారి.

జరిగింది ఒక్కసారి రాసేసి మళ్ళీ ఆ ఊసెత్తను. శనివారం పొద్దున్న పూర్ణా మార్కెట్ వెనక సందులో ఉల్లిపాయల లారీ వెనక్కి తీస్తున్నాను. క్లీనరు టీకి పోయాడు. ఎడమ పక్క అద్దం పగిలి నెలైంది. చేపల వరసలో కూర్చునే గురువమ్మ ఖాళీ గంప పట్టుకుని లారీ వెనక నుంచి దాటుతోంది. నేను చూడలేదు. కేక వినపడి బ్రేకు తొక్కేసరికి ఆమె కుడికాలు మోకాలి కింద విరిగిపోయింది.

కానిస్టేబులు వచ్చాడు. ఎలా జరిగిందని అడిగాడు. గురువమ్మ నేల మీద కూర్చుని, పళ్ళు బిగబట్టి, "కాలు జారి పడిపోనానయ్యా, అరుగు తగిలేసింది. ఈ డ్రైవరు బాబే లేవనెత్తాడు" అని చెప్పింది. చెప్పి నా వైపు చూసింది.

నేను నోరు తెరవలేదు. ఆమె ఎందుకలా చెప్పిందో ఇప్పటికీ నాకు తెలీదు. పెద్దాసుపత్రిలో చేర్చాం. సిమెంటు కట్టు వేశారు.

ఆగస్టు 26

లారీ మానేశాను. నడుం నొప్పి అని చెప్పాను. పద్దెనిమిదేళ్ళు స్టీరింగు ముందు కూర్చున్నవాడికి నడుం నొప్పి ఉండదా, ఉంటుంది. అబద్ధమేం కాదు.

ఆగస్టు 30

వన్ టౌన్‌లో చలమయ్య మేస్త్రీ షెడ్డులో చేరాను. మేస్త్రీకి అరవై దాటాయి. మాట్లాడితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. "డ్రైవర్‌వి, పానా పట్టుకుంటావా" అని ఒక్కటే అడిగాడు. పట్టుకుంటానన్నాను. సరే అన్నాడు. ఆయన చల్లగా ఉండాలి.

సెప్టెంబరు 5

బత్తాయిలు పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. మంచం పక్కన గురువమ్మ కొడుకు ఎల్లాజీ ఉన్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి, వేటకి వెళ్ళే మనిషి, భుజాలు తలుపు చెక్కల్లా ఉన్నాయి. నేను పలకరిస్తే కిటికీలోంచి బయటికి చూశాడు. వాడికి తల్లి మీద బెంగ కాబోలు.

గురువమ్మ మాత్రం నేను చుట్టపు చూపుకి వచ్చినట్టే మాట్లాడింది. కాలి గురించి కాదు, చోటు గురించి. చేపల వరసలో పన్నెండు మంది కూర్చుంటారు. ఎవరైనా జబ్బు పడితే వాళ్ళ చోట్లో గంప బోర్లించి పెడతారట. ఆ గంప మూడు అమావాస్యల దాకా ఉంటుంది. ఈలోగా మనిషి వచ్చి కూర్చోకపోతే గంప తీసేస్తారు, చోటు వేరే వాళ్ళది. కూతురు కూర్చున్నా కోడలు కూర్చున్నా చెల్లదు. ఎవరి చోటు వాళ్ళదే.

"ఇరవయ్యారేళ్ళు కూకున్నాను బాబూ ఆ రాతి మీద. మొగుడు పోయిన మూడోరోజు కూడా కూకున్నాను. అది పోతే నాను పాలెంలో కూకుని ఏటి సెయ్యాల, కోడలు సేతి కూడు తినాలా?" అంది.

మొదటి అమావాస్య ఈ నెల పదిహేడు. రెండోది వచ్చే నెల పదిహేడు. మూడోది దీపావళి. బస్సులో లెక్కపెట్టుకుంటూ వచ్చి దిగాల్సిన చోటు దాటిపోయాను.

సెప్టెంబరు 19

మొదటి అమావాస్య వెళ్ళిపోయింది.

ఆమెని ఇంటికి పంపించేశారు. వాళ్ళ గవ్వలపాలెం దువ్వాడ దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. రోడ్డు దిగాక బండి దారి కొంత, ఆ తర్వాత ఉప్పునీళ్ళు పారే గెడ్డ, గెడ్డ దాటితే ఇసుక తిన్నె, తిన్నె దిగాక ఒడ్డున మైలున్నర ఇసుక. ఆడవాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని ఇదంతా రోజూ నడిచి బస్సెక్కుతారు. కర్ర పట్టుకుని నడిచే మనిషి వల్ల అయ్యే పని కాదు. ఎల్లాజీ తల్లిని పడవలో తీసుకెళ్ళాడు. ఒడ్డుకి చేరేటప్పుడు కెరటం కొట్టి కట్టు మొత్తం తడిసి మెత్తబడిపోయింది. మళ్ళీ ఆసుపత్రి, మళ్ళీ కట్టు. ఆ ఒక్కసారి ఇంటికి చేరడానికి తప్ప ఇక పడవ మాట ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడట.

నలుగురు మంచం మీద మోసుకొస్తామంటే గురువమ్మ కొట్టినంత పని చేసిందట. పాడె మీద తప్ప నలుగురి భుజాల మీద ఎక్కనంది.

సెప్టెంబరు 22

షెడ్డు వెనక తుమ్మ పొదల్లో ఒక పాత జీపు ఉంది. మిలిటరీ డిస్పోజల్స్‌లో వచ్చిన విల్లీస్. నాకంటే మూడేళ్ళు చిన్నది, అంటే ముప్పై ఎనిమిది. ఎవరో బాగుచెయ్యమని వదిలి మళ్ళీ రాలేదు. పెట్రోలు ఎక్కువ తాగుతోందని ముందు చక్రాలకి శక్తి వెళ్ళే షాఫ్టు పీకేశారు. నాలుగు చక్రాలతో లాగే బండిని రెండు చక్రాలకి దించేశారన్నమాట. గేదెకి రెండు కాళ్ళు కట్టేసి దున్నమంటే ఎలా ఉంటుందో అలా.

మేస్త్రీని అడిగాను. చాలాసేపు బీడీ కాల్చాడు. "నడిపించుకుంటే నీది. నడవకపోతే నా ఇనుము నాకు తెచ్చి పడెయ్" అన్నాడు.

ఆయన నడిచే దారికి దణ్ణం పెట్టాలి. గౌరీశ్వరితో మాత్రం స్టీల్ ప్లాంట్ కాంట్రాక్టర్లకి అద్దెకి తిప్పుతానని చెప్పాను. అది కూడా నిజమే. ప్లాంటు పని జోరుగా ఉంది, మా పాత ఊరు మొత్తం ప్లాంటుకి పోయి వాళ్ళ కంచె లోపలే ఉంది, జీపులకి బాగా గిరాకీ. నేను చేస్తున్నది వ్యాపారం. వేరే ఏమీ లేదు.

సెప్టెంబరు 27

ఇంజను పలికింది. కార్బొరేటరులో తేనెటీగల పట్టు ఉంది. మూడు కుట్టాయి.

సెప్టెంబరు 30

ముందు షాఫ్టు పాత ఇనుము కొట్లో దొరికింది. రెండు వేళ్ళంత పొడవు ఎక్కువ. మేస్త్రీ కోసి, కొలిచి, వంకర లేకుండా అతికించాడు. ఆ చెయ్యి వణకదు. ముందు చక్రాల లివరు వెయ్యగానే నాలుగు చక్రాలూ ఒక్కసారి నేలని పట్టుకున్నాయి. చిన్నపిల్లాడిలా షెడ్డు చుట్టూ ఏడు సార్లు తిప్పాను.

రివర్సు గేరు మాత్రం తేడాగా ఉంది. పళ్ళు అరిగిపోయినట్టున్నాయి. ఇప్పుడేం తొందర లేదు. ఆ బండి ముందుకి పోవడానికే.

అక్టోబరు 4

ఈరోజుతో జీపు జీపయింది. చెప్పుకోవడానికి ఎవరూ లేరు కాబట్టి ఇక్కడ గొప్పలు పోతాను.

చక్రాల మీది కమాను స్ప్రింగులకి రెండేసి పట్టీలు చేర్చి బండిని జానెడు ఎత్తు లేపాను, గెడ్డలో రాళ్ళు అడుగుకి తగలకుండా. సైలెన్సరు గొట్టం వెనక నుంచి పైకి తిప్పి నిలబెట్టాను, నీళ్ళు పోకుండా. చక్రాలు మాత్రం నా సొంత తెలివి. టైర్లు సన్నటివి వెతికి, పట్టు కోసం లోతైన గళ్ళున్నవి వేశాను. గాలి రాయిలా కొట్టించాను. వెనకాల నాలుగు ఇసుక బస్తాలు బరువు. వరి మడిలో పుట్టి పెరిగినవాణ్ణి, బురదలో బండి ఎలా నడుస్తుందో నాకు ఒకరు చెప్పాలా? సన్న చక్రం బురదని కోసుకుని దిగి కింద గట్టి నేలని పట్టుకుంటుంది. లావు చక్రం పైన తేలి జారిపోతుంది. మా నాన్న నాటుబండి చక్రం కోసం వడ్రంగితో పోట్లాడేవాడు, సన్నంగా చెయ్యమని.

మేస్త్రీ చుట్టూ తిరిగి చూసి, "నేను ఇసకలో ఎప్పుడూ తోల్లేదు" అని ఊరుకున్నాడు.

అక్టోబరు 10

పరువు పోయింది.

గెడ్డ దాటేవరకూ రాజులా వెళ్ళాను. తిన్నె మొదట్లో ఇసుక తగిలిందో లేదో, నాలుగు చక్రాలూ బావి తవ్వడం మొదలుపెట్టాయి. ఎంత ఎక్కువ తొక్కితే అంత లోపలికి. చివరికి బండి అడుగు ఇసుక మీద కూర్చుంది, చక్రాలు గాల్లో తిరుగుతున్నాయి. పాలెం పాలెమంతా వచ్చి చుట్టూ నిలబడింది. పిల్లలు పండగ చేసుకున్నారు.

ఎల్లాజీ వచ్చాడు. ఇన్నాళ్ళకి మొదటిసారి నాతో పూర్తిగా ఒక మాట మాట్లాడాడు.

"డ్రైవరుగారూ, మడికి అడుగుంటాది. ఇసకకి అడుగేటి? ఎంత తవ్వితే అంత దిగిపోద్ది."

పడవలు ఒడ్డుకి లాగేటప్పుడు కింద వేసే దుంగలు చూపించాడు. సన్న కర్ర వేస్తే పడవ బరువుకి ఇసుకలోకి దిగిపోతుందట, లావు దుంగ అయితే పైనే దొర్లుతుందట. చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి. నలభై ఒక్కేళ్ళు వచ్చి, ఎస్సెల్సీ ప్యాసయి, నాకు తెలీలేదు.

ఇరవై మంది తాడు కట్టి పడవని లాగినట్టు లాగారు. ఓ పాట కూడా పాడారు. నేను ఆ పాటలో ఉన్నానని నాకు అనుమానం. ఏమైనా లాగారు, టీ ఇచ్చారు, వేయించిన చేప పెట్టారు. గురువమ్మ గుమ్మంలో కట్టు చాపుకుని కూర్చుని, అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆ నవ్వు విని నాకు కడుపు నిండింది.

అక్టోబరు 11

వెనక్కి తీసి ఉంటే అంత కూరుకుపోయేది కాదని ఎల్లాజీ అన్నాడు. నిన్న రాయలేదు.

అక్టోబరు 17

రెండో అమావాస్య. మూడు రోజులుగా వాన. షెడ్డులో నీళ్ళు.

మార్కెట్‌కి వెళ్ళి దూరం నుంచి చూసి వచ్చాను. గంప ఉంది. వరసలో ఒక పెద్దావిడ నన్ను చూసి ఏదో అనబోయింది. నేను ఉల్లిపాయల కొట్టు వైపు తిరిగిపోయాను.

అక్టోబరు 23

లావు టైర్ల కోసం వారం రోజులు తిరిగాను. చివరికి ఎడ్లబళ్ళకి వేసే పాత విమానం టైర్లు దొరికాయి. గళ్ళు లేవు, బోడిగుండులా నున్నగా ఉన్నాయి. రాత్రి ఇంటికి తెస్తే గౌరీశ్వరి, "కాంట్రాక్టరు ఏరోప్లేనేటైనా తోలమన్నాడేటి" అంది.

జీపు రిమ్ములకి అవి పట్టవు. మేస్త్రీ రిమ్ములు మధ్యకి కోసి, మధ్యలో నాలుగు వేళ్ళ పట్టీ వేసి అతికిస్తానన్నాడు. నాలుగూ సమానంగా రావాలి, లేకపోతే బండి తాగినవాడిలా పోతుంది. ఎల్లాజీ వేట లేని రోజు చూసుకుని దువ్వాడ దాకా నడిచి, అక్కణ్ణించి రైలెక్కి షెడ్డుకి వచ్చాడు. రోజంతా రిమ్ములు పట్టుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం తన క్యారియరులోంచి నాకు ముద్ద పెట్టాడు. వీడి తల్లి కాలు విరగ్గొట్టినవాణ్ణి, వీడు నాకు అన్నం పెడుతున్నాడు. తెలిస్తే ఏం చేస్తాడో.

అక్టోబరు 26

నేను లేనప్పుడు మేస్త్రీ గేరుబాక్సు విప్పి చూశాడట. నేను వచ్చేసరికి రివర్సు పళ్ళచక్రం నూనెలో కడిగి గుడ్డ మీద పెట్టి ఉంచాడు. పళ్ళు కొత్త పెళ్ళికొడుకు పళ్ళలా ఉన్నాయి.

"దీనికేం రోగం లేదు రాజూ" అన్నాడు. మళ్ళీ బిగించేశాడు.

అక్టోబరు 27

సరే, రాస్తాను. ఆగస్టు ఇరవయ్యొకటి తర్వాత నేను ఏ బండినీ వెనక్కి తియ్యలేదు. షెడ్డులో బళ్ళు వెనక్కి తియ్యాల్సి వస్తే పానా వెతుక్కుంటూ పోతాను. మా వీధిలో జీపు తిప్పడానికి స్టేషను దాకా వెళ్ళి చుట్టి వస్తాను. రివర్సు మీద చెయ్యి వేస్తే ఆ కేక వినపడుతుంది. గేరు మీద నింద వేశాను, పాపం అది ఇనుము, ఏమీ అనలేదు.

నవంబరు 3

గెడ్డలో నీళ్ళు పెరిగాయి, నడుం దాకా ఉన్నాయి. ఎల్లాజీ ముందు దిగి కర్రతో లోతు చూస్తూ నడిచాడు. నేను ఫ్యాను బెల్టు విప్పేశాను, ఫ్యాను తిరిగితే నీళ్ళు ఎగజిమ్మి ఇంజను ఆగిపోతుంది. చిన్న గేరులో, కాలు కదపకుండా, నిదానంగా. జీపు ముక్కు ముందు నీళ్ళు పడవ ముందు చీలినట్టు చీలాయి. అవతల గట్టెక్కి బెల్టు మళ్ళీ తగిలించాను. మొత్తం పావుగంట పని.

జీపు గట్టున వదిలి నడిచి పాలెం వెళ్ళాను. కాంపౌండరు వచ్చి గురువమ్మ కట్టు విప్పేశాడు. కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. కాలు కొంచెం వంకరగానే అతికింది. నాకు చూపించి, "ఇంకా నయం, ఈ వంకర సీర కింద కనపడదు" అంది.

నవంబరు 9

ఎక్కింది! తిన్నె ఎక్కింది, దిగింది, పాలెం చేరింది.

ఎల్లాజీ టైర్లలో గాలి తీయించాడు. ఇంకా తియ్యి, ఇంకా తియ్యి అని. టైర్లు కూర్చున్న ఆవుల్లా పొట్టలు పరిచాయి. నా జన్మలో అంత తక్కువ గాలితో బండి తోలలేదు, తోలినవాణ్ణి తిట్టేవాణ్ణి. ఇసుక బస్తాలు నాలుగూ పారేశాం. కమాన్లకి నేను చేర్చిన పట్టీలు కూడా పీకేశాం, బండి మెత్తగా అయింది. ఒడ్డున ఆటు తీసిన తడి ఇసుక మీద పొమ్మన్నాడు, అది సిమెంటు రోడ్డులా గట్టిగా ఉంది. ఏ గంటకి నీళ్ళు ఎంత దూరం తీస్తాయో వేళ్ళ మీద లెక్క చెప్పాడు.

తిరిగొచ్చాక జీపు బానెట్టు మీద చరిచి, "రేపు కూడా ఇలాగే తోలు బావా" అన్నాడు. డ్రైవరుగారు పోయి బావనయ్యాను. ఇంటికొచ్చే దారంతా కళ్ళు మసకగానే ఉన్నాయి.

నవంబరు 12

బావ అన్న మాట విన్న దగ్గర్నుంచి నిద్ర లేదు. నిజం చెప్పేస్తే ఆ మాట పోతుంది. చెప్పకపోతే ఆ మాట నాది కాదు. ఆమెని ఆ చోట్లో కూర్చోబెట్టాక చెప్తాను. ముందు చోటు దక్కాలి.

నవంబరు 14

చెయ్యి నొప్పెడుతున్నా ఈరోజుది మొత్తం రాస్తాను.

రేపు దీపావళి అమావాస్య, ఎవరూ వేటకి వెళ్ళరు, చేపల వరస ఉండదు. అంటే గురువమ్మ కూర్చోవాల్సిన చివరి రోజు ఈరోజే. పదో తారీఖు నుంచి నిన్నటిదాకా సముద్రం పొంగి ఒడ్డు దాకా నీళ్ళున్నాయి, జీపు పోలేదు. ఈరోజు తెల్లవారేసరికి పాలెంలో ఉన్నాను. ఎల్లాజీ రాత్రి పట్టిన వంజరాలూ కవళ్ళూ రెండు గంపలు వెనక పెట్టాడు. గురువమ్మ కొత్త చీర కట్టుకుని ముందు సీట్లో, కాలు చాపుకుని కూర్చుంది. కోడలు ఎదురొచ్చింది.

తడి ఇసుక మీద బాగానే వచ్చాం. తిన్నె ఎక్కేటప్పుడు సగంలో బండి ముక్కు దిగింది. నాలుగు రోజుల గాలికి ఇసుక కొత్తగా పోసుకుంది, మెత్తగా ఉంది. ఎల్లాజీ అరిచాడు, తొక్కొద్దు, వచ్చిన గాడిలోనే వెనక్కి తియ్యి, కిందకి వెళ్ళి మళ్ళీ ఊపు తీసుకో అని. సరైన మాట. నేను ఇంజను ఆపేశాను. పార తీసుకుని దిగి చక్రాల ముందు తవ్వడం మొదలుపెట్టాను. ఎల్లాజీ కాసేపు చూసి, తనూ చేతులతో తవ్వాడు. తవ్విన చోట ఇసుక మళ్ళీ జారి నిండిపోతోంది. అరగంట పోయింది. సూర్యుడు పైకొచ్చాడు. పది దాటితే చేపల వరస ఎత్తేస్తారు. వెనక్కి తీస్తే సరిపోతుందని నాకు తెలుసు, చేతులు మాత్రం పారనే పట్టుకున్నాయి.

గురువమ్మ కర్ర పట్టుకుని జీపు దిగింది. ఇసుకలో ఒక్కో అడుగూ లాక్కుంటూ బండి వెనక్కి వెళ్ళింది. కొడుకు చెయ్యి ఇవ్వబోతే విదిలించింది. వెనక పది గజాల్లో, గాడికి పక్కగా నిలబడింది.

"ఎక్కు బాబూ. నానెనకాల నిలబడతాను. రమ్మంతే రా, ఆగమంతే ఆగు."

వద్దమ్మా, పక్కకి రా, ఎల్లాజీ నిలబడతాడు అన్నాను.

"ఆడు కాదు. నాను నిలబడాల. ఎక్కు."

ఎక్కాను. రివర్సులో వేశాను. మెడ తిప్పి చూశాను, అద్దం నమ్మలేదు. ఆమె కర్ర ఎత్తి, రా, రా, ఇంకా రా అని పిలుస్తోంది. నేను క్లచ్చు వదిలాను. జీపు ఒక్కసారి ఊగి, గాడిలోంచి వెనక్కి జారింది. రా, రా. ఆమె మొహం తప్ప నాకేమీ కనపడలేదు. ఆగు అంది. ఆగాను. ఆమెకీ బండికీ మధ్య ఇంకా నాలుగు గజాలుంది.

స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చాను. చిన్నప్పుడు మా అమ్మ పోయినప్పుడు ఏడ్చాను, మళ్ళీ ఇదే. గురువమ్మ ఎక్కి కూర్చుని, ఇంక పద, చేపలు కుళ్ళిపోతాయి అంది. ఊపు తీసుకుంటే జీపు ఒక్క ఉరుకులో తిన్నె ఎక్కేసింది.

బెల్టు విప్పాం, గెడ్డ దాటాం, మళ్ళీ బిగించాం. రోడ్డెక్కాక పెట్రోలు బంకులో గాలి కొట్టించాం. పూర్ణా మార్కెట్ చేరేసరికి తొమ్మిదిన్నర.

వరసలో గంప ఉంది. అక్టోబరులో నన్ను చూసి ఏదో అనబోయిన పెద్దావిడ, గంగాలమ్మ, గురువమ్మ పక్క చోటు మనిషి. లేచి గంప తీసి, రాతి మీద నీళ్ళు చల్లి, చేత్తో తుడిచింది. గురువమ్మ కర్ర పక్కన పెట్టి, కాలు ఒక పక్కకి చాపి కూర్చుంది. ఆయాసపడుతూ ఒక్క వంజరం ఎత్తి పట్టుకుని కేక వేసింది. ఆ గొంతు సందు చివరిదాకా వెళ్ళింది.

అప్పుడే చెప్పాలి. లేకపోతే ఈ జన్మకి చెప్పలేను. ఎల్లాజీ రెండో గంప దించుతున్నాడు. వరసలో అందరికీ వినపడేలా, ఆ రోజు ఈమె జారిపడలేదు, లారీ వెనక్కి తీసి గుద్దింది నేను అని చెప్పాను. చెప్పి ఎల్లాజీ వైపు తిరిగి నిలబడ్డాను. కొడితే కొట్టనీ అనుకున్నాను.

ఎల్లాజీ గంప దించి, చేతులు తుడుచుకుని, "అమ్మ ఆ రాత్రే సెప్పింది బావా" అన్నాడు. నెలన్నర నీ మొహం చూడాలంటే మండేది, తర్వాత నువ్వు ఇసకలో కూరుకుపోయిన రోజు ఆ కోపం కూడా అక్కడే కూరుకుపోయింది అన్నాడు.

గంగాలమ్మ చేప తోముతూ తలెత్తింది.

"మాకు తెల్దేటి బాబూ? నీ లారీ ఎనకాలే ఉన్నాం అందరం. పోలీసోడు మా పదకొండు మందినీ ఒక్కోరినీ అడిగాడు. జారి పడిపోయిందనే సెప్పాం."

మూడు నెలలుగా నాకూ గురువమ్మకీ తప్ప ఎవరికీ తెలీదనుకున్నాను. ఎందుకమ్మా అని గురువమ్మనే అడిగాను. ఆమె తూకం రాళ్ళు సర్దుకుంటోంది.

"ఈ సందులో ఇదివరకు ఇద్దర్ని గుద్దారు. ఇద్దరు డ్రైవర్లూ లారీ ఒదిలేసి పారిపోనారు. నువ్వు దిగొచ్చి నన్నెత్తుకున్నావు. నీ సొక్కా నిండా నా నెత్తురే. అది సూసే సెప్పాను. నిన్ను జైల్లో ఎడితే నా కాలు అతుక్కుంటాదేటి?"

తర్వాత జీపు సందుకి అడ్డంగా ఉంది, వెనక్కి తియ్యి అని ఎవరో ఆటోవాడు అరిచాడు. తీశాను. పదకొండు మందీ లేచి నిలబడి, రా రా అన్నారు. ఒకరు రా అంటే ఒకరు ఆగు అన్నారు. గోడకి గుద్దాను. చిన్న సొట్ట.

నవంబరు 15

దీపావళి. గౌరీశ్వరికి మొత్తం చెప్పాను. దీపాలన్నింటిలో నూనె పోసింది. "గురువమ్మకి పండక్కి ఏటైనా ఎట్టావా" అని అడిగింది. లేదన్నాను. లేచి పిండివంటలు మూట కట్టింది.

నవంబరు 16

పొద్దున్న జీపులో గురువమ్మతో పాటు పాలెం ఆడవాళ్ళు నలుగురు ఎక్కారు, గంపలతో. రేపు ఇంకొందరు వస్తారట. నన్నెవరూ అడగలేదు, ఎక్కేశారు.

కృతజ్ఞత ఒక్క మనిషికి చెప్పుకుంటే సరిపోతుందనుకున్నాను ఇన్నాళ్ళూ. పద్దెనిమిదేళ్ళు ఆ సందులో లారీ తిప్పాను, గురువమ్మదీ, మొన్న విన్న గంగాలమ్మదీ తప్ప ఒక్కరి పేరూ నాకు తెలీదు. గురువమ్మ పేరు కూడా ఆసుపత్రి చీటీలో చదివి తెలుసుకున్నదే. నాకోసం అబద్ధం చెప్పిన మనుషుల పేర్లు తెలియకుండా ఎలా ఉండను? ఈరోజు చేపలు దించాక వరస ఆ చివర నుంచి మొదలుపెట్టి, ఒక్కొక్కరి దగ్గరా వంగి, అమ్మా నీ పేరేంటి అని అడిగాను. చిట్టమ్మ. నూకాలమ్మ. పోలమ్మ.

నాలుగో ఆవిడ కత్తి ఆపి నన్ను కిందికీ మీదికీ చూసింది.

"పేరు దేనికి బాబూ, పోలీసోడికి సెప్తావేటి?"

వరస వరసంతా పగలబడి నవ్వింది. నేనూ ఆ మధ్యలో నిలబడి, వాళ్ళతోపాటు నవ్వాను.